మౌస్ అందరూ ఇస్తారు: గ్రాఫిక్స్ ప్రోగ్రాంకి ఇన్‌పుట్ లైబ్రరీని ఎంచుకోవడం

గ్రాఫిక్స్ ప్రమాణమైన ఓపెన్‌జీఎల్ 1992లో వచ్చినప్పటి నుంచీ దాని పని బొమ్మ గీయడం ఒక్కటే. కీ నొక్కారా, మౌస్ కదిలిందా అన్నది దానికి పట్టదు. అలాంటిదే మరో ప్రమాణం వల్కన్‌దీ అదే వరస. ఆ కబురు తెలుసుకునే పద్ధతి విండోస్‌లో ఒకటి, మ్యాక్‌ఓఎస్‌లో మరొకటి. లినక్స్‌లో విండోలు నడిపే రెండు వ్యవస్థల్లో ఎక్స్ 11కి ఒకటి, వేలాండ్‌కి ఇంకొకటి. ఒకే సోర్సు అన్నిచోట్లా నడవాలంటే మధ్యలో ఒక లైబ్రరీ తప్పదు. సి, సి++ లో రాసేవాళ్లు సాధారణంగా నాలుగింటి మధ్య ఊగుతుంటారు: ఫ్రీగ్లట్, జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ, ఎస్‌డీఎల్, క్యూటీ.

చాలామంది ఒక చిన్న డెమో రాసి, కీలూ మౌసూ బాగా పనిచేశాయని చూసి ఖాయం చేసుకుంటారు. ఆ పరీక్షలో ఈ నాలుగూ పాసవుతాయి, కాబట్టి దాంతో తేలేదేమీ ఉండదు. తేడా బయటపడేది వాడేవాళ్లు తమ భాషలో ఒక పేరు టైపు చేయబోయినప్పుడు, డిజిటల్ పెన్నుతో ఒత్తి గీసినప్పుడు, తెరను వేలితో తాకినప్పుడు. అప్పటికి ప్రోగ్రాం సగం పైనే రాసేసి ఉంటారు.

ముందు మీకేం కావాలో రాసుకోండి

దీనికి పాత కాలపు కొలబద్ద ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. 1985లో ఐఎస్‌ఓ 7942గా వెలువడిన జీకేఎస్ (గ్రాఫికల్ కెర్నల్ సిస్టమ్) ప్రమాణం ఇన్‌పుట్‌ని పరికరాల పేర్లతో కాకుండా, ప్రోగ్రాంకి చేరే విలువల్ని బట్టి ఆరు రకాలుగా విడదీసింది. లొకేటర్ అంటే ఒక బిందువు. స్ట్రోక్ అంటే బిందువుల వరుస. వాల్యుయేటర్ ఒక సంఖ్య, చాయిస్ కొన్నిట్లో ఒకటి, పిక్ తెరమీది ఒక వస్తువు, స్ట్రింగ్ కొన్ని అక్షరాలు. జీకేఎస్‌ని ఇవాళ వాడేవాళ్లు అరుదుగానీ, మీ ప్రోగ్రాంకి ఈ ఆరింట్లో ఏవి కావాలో ఒక కాగితం మీద రాస్తే ఎంపిక సగం పూర్తయినట్టే.

లొకేటర్, చాయిస్ చాలనుకుంటే ఏ లైబ్రరీ అయినా సరే. స్ట్రింగ్ కావాలంటే ఫ్రీగ్లట్‌ని పక్కన పెట్టండి, జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూని అనుమానంగా చూడండి. పెన్ను ఒత్తిడితో సహా స్ట్రోక్ కావాలంటే ఎస్‌డీఎల్ 3, క్యూటీ మాత్రమే మిగులుతాయి. జాయ్‌స్టిక్ లాంటి వాల్యుయేటర్ కావాలంటే ఎస్‌డీఎల్, జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ. పిక్‌ని మాత్రం వీటిలో ఏదీ మీ త్రీడీ వస్తువులకు చేసిపెట్టదు. మౌస్ ఉన్న చోటు నుంచి కిరణం వదిలి ఏ వస్తువుకు తగిలిందో లెక్కగట్టడమో, ప్రతి వస్తువునీ దాని నంబరే రంగుగా వేరే బఫర్‌లో గీసి ఆ పిక్సెల్ చదవడమో మీరే చేసుకోవాలి.

లూపు ఎవరి చేతిలో

ఫ్రీగ్లట్ అనుకరించిన అసలు గ్లట్‌లో, ఈవెంట్ల (కీ, మౌస్ కబుర్ల) కోసం తిరుగుతూ ఉండే గ్లట్-మెయిన్-లూప్ పిలిస్తే అది మళ్లీ తిరిగిరాదు. విండో మూస్తే ప్రోగ్రామే ముగిసిపోతుంది; ఫైలు భద్రం చేసుకోవడానికీ వీలుండదు. ఫ్రీగ్లట్ ఈ లోటు తీర్చింది: లూపులోంచి బయటికొచ్చే పిలుపు, ఒక్కో విడత ఈవెంట్లు మాత్రమే చూసి తిరిగొచ్చే పిలుపు రెండూ అందులో ఉన్నాయి. పాత పాఠ్యపుస్తకంలోని కోడ్ నడపడానికి, ఒక పూటలో పాఠం చెప్పడానికి అది చాలు. కొత్త ప్రాజెక్టుకి అక్కర్లేదు.

జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూలో లూపు మీదే, ఈవెంట్లు మాత్రం కాల్‌బ్యాక్‌ల (లైబ్రరీ పిలిచే మీ ఫంక్షన్ల) ద్వారా వస్తాయి. పోల్-ఈవెంట్స్ పిలిచినప్పుడు ఆ కాల్‌బ్యాక్‌లు నడుస్తాయి. ఎస్‌డీఎల్‌లో ఈవెంట్లు ఒక క్యూలో పడి ఉంటాయి. మీరు ఒక్కొక్కటే తీసి చూస్తారు. చిన్న తేడాలా కనిపిస్తుందిగానీ పెద్ద ప్రోగ్రాంలో క్యూ వైపే మొగ్గు చూపాలి. ఈవెంట్లు వచ్చిన వరస చెడకుండా చేతికొస్తుంది, వాటిని ఫైల్లో దాచుకోవచ్చు, ఏ భాగానికి ముందు చూపించాలో మీరే నిర్ణయించుకోవచ్చు. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూతో ఇదే కావాలంటే కాల్‌బ్యాక్‌లలో ఏ పనీ చేయకుండా ఈవెంట్‌ని మీ సొంత క్యూలో వేసుకోండి. ఇరవై ముప్పై లైన్ల పని.

ఎస్‌డీఎల్ కొత్తగా వాడేవాళ్లు పదే పదే చేసే తప్పు ఒకటుంది: ఫ్రేముకి ఒక్క ఈవెంటే తీయడం, అంటే "వైల్" ఉండాల్సిన చోట "ఇఫ్" రాయడం. సెకనుకు 1000 సార్లు కబురు పంపే మౌస్, సెకనుకు 60 ఫ్రేములు చూపే తెర ఉంటే ఒక్కో ఫ్రేముకి 16 కదలికలు వస్తాయి. ఒక్కటే తీస్తే మిగతా 15 పేరుకుంటాయి. మౌస్ ఆపాక కూడా బొమ్మ సెకన్ల తరబడి కదులుతూనే ఉంటుంది. క్యూ ఖాళీ అయ్యేదాకా తీయాలి, ఆ తర్వాతే ఒక్కసారి గీయాలి. ప్రతి కదలికకీ తెర మళ్లీ గీయడం కూడా ఇలాంటి తప్పే.

ఆటకి పోలింగ్ (ఆగకుండా పదే పదే అడగడం), ఎడిటర్‌కి నిరీక్షణ. బొమ్మ మారనప్పుడు కూడా సెకనుకు 60 సార్లు గీసే కొలతల ప్రోగ్రాం ల్యాప్‌టాప్ బ్యాటరీని ఊరికే తాగేస్తుంది. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ, ఎస్‌డీఎల్ రెండింట్లోనూ ఈవెంట్ వచ్చేదాకా నిద్రపోయే పిలుపు ఉంది, గడువుతో నిద్రపోయేదీ ఉంది. వెనక థ్రెడ్‌లో లెక్క పూర్తయితే ఆ నిద్ర చెడగొట్టాలి కదా: జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూలో పోస్ట్-ఎంప్టీ-ఈవెంట్, ఎస్‌డీఎల్‌లో పుష్-ఈవెంట్ ఏ థ్రెడ్ నుంచైనా పిలవొచ్చు. ఈవెంట్లు తీసే పిలుపుని మాత్రం ప్రధాన థ్రెడ్‌లోనే ఉంచండి.

విండోస్‌లో ఒక చిక్కు రెండింటికీ ఉంది. టైటిల్ బార్ పట్టుకుని విండోని లాగుతున్నంతసేపూ ఈవెంట్లు తీసే పిలుపు తిరిగిరాదు, బొమ్మ అలాగే నిలిచిపోతుంది. ఆ సమయంలో విండోస్ తన సొంత లూపులో ఉంటుంది మరి. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూలో విండో సైజు మారుస్తున్నప్పుడు రిఫ్రెష్ కాల్‌బ్యాక్ నుంచి, ఎస్‌డీఎల్‌లో ఈవెంట్-వాచ్ నుంచి గీస్తే బొమ్మ కదులుతుంది.

కీ అంటే చోటా, అక్షరమా

ఆటలో ముందుకీ పక్కలకీ నడవడానికి డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీలు వాడతారు. ఇక్కడ కావాల్సింది ఆ కీలున్న చోటు, వాటి మీద అచ్చయిన అక్షరం కాదు. ఫ్రెంచి వాళ్ల అజర్టీ కీబోర్డులో డబ్ల్యూ ఉండాల్సిన చోట జెడ్ ఉంటుంది. అదే కంట్రోల్-జెడ్‌తో చేసిన పని వెనక్కి తీయాలంటే కావాల్సింది అక్షరమే.

ఎస్‌డీఎల్ ఈ రెంటినీ విడివిడిగా ఇస్తుంది: చోటుకి స్కాన్‌కోడ్, అక్షరానికి కీకోడ్. ఇంత శుభ్రంగా మిగతావాటిలో లేదు. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ కీ పేర్లు అమెరికన్ కీబోర్డులోని చోటుని బట్టి పెట్టినవి. ఆ చోట వాడేవారి కీబోర్డులో ఏ అక్షరం ఉందో తెలియాలంటే గెట్-కీ-నేమ్ అడగాలి. షార్ట్‌కట్‌లను కీ పేరుతో పోల్చి వదిలేస్తే అజర్టీ వాళ్లకి వెనక్కి తీయడం ఇంకో కీ మీద పడుతుంది. క్యూటీలో దీనికి తిరగేసిన ఇబ్బంది: కీ విలువ అక్షరాన్ని బట్టి వస్తుంది, చోటు కావాలంటే నేటివ్-స్కాన్‌కోడ్ ఉందిగానీ ఆ సంఖ్య ఒక్కో సిస్టంలో ఒక్కోలా ఉంటుంది. షార్ట్‌కట్‌లు ఎక్కువున్న ప్రోగ్రాంకి క్యూటీ, చోటు ముఖ్యమైన ఆటకి ఎస్‌డీఎల్ అనడానికి ఇదొక కారణం. పైగా మ్యాక్‌లో కమాండ్ కీని క్యూటీ తనే కంట్రోల్‌గా చూపిస్తుంది. మిగతా రెండింట్లో ఆ మార్పిడి మీరే రాయాలి.

కీ పట్టుకుని ఉన్నారా అని అడిగి తెలుసుకునే పద్ధతికి ఒక లోపం ఉంది. రెండు పోలింగ్‌ల మధ్య నొక్కి వదిలేసిన కీ కనిపించకుండా పోతుంది. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూలో స్టికీ-కీస్ పెడితే, మీరు అడిగేదాకా ఆ నొక్కు నిలిచి ఉంటుంది. నడక లాంటి నిరంతర పనికి స్థితి అడగండి, గెంతు లాంటి ఒక్కసారి పనికి ఈవెంట్ వాడండి.

ఆల్ట్-ట్యాబ్‌తో వేరే విండోకి వెళ్తే పట్టుకున్న కీని వదిలిన కబురు మీ విండోకి రాదు. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ, ఎస్‌డీఎల్ రెండూ ఫోకస్ పోగానే వదిలినట్టు తామే ఈవెంట్లు పంపుతాయి. ఫ్రీగ్లట్, క్యూటీ వాడితే ఫోకస్ పోయినప్పుడు మీ కీ పట్టికను మీరే తుడవాలి. లేకపోతే తిరిగొచ్చేసరికి కెమెరా తనంతట తాను నడుస్తూ ఉంటుంది.

అక్షరాల దగ్గర అసలు పరీక్ష

కీ ఈవెంట్ల నుంచి పాఠం (టెక్స్ట్) కూర్చాలని చూడకండి. షిఫ్టు, క్యాప్స్, రెండు కీలతో ఒక అక్షరం వచ్చే యూరోపియన్ కీబోర్డులు, సూచించిన పదాల్లోంచి ఎంచుకునే చైనీస్, జపనీస్ ఇన్‌పుట్ మెథడ్‌లు, వీటన్నిటినీ సిస్టం చూసుకుంటుంది. మీరు తీసుకోవాల్సింది అది తేల్చిచెప్పిన పాఠాన్నే.

ఫ్రీగ్లట్ కీబోర్డు కాల్‌బ్యాక్ అక్షరాన్ని ఒక్క బైటులో ఇస్తుంది. తెలుగుకి యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు కావాలి, కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే.

జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ క్యారెక్టర్ కాల్‌బ్యాక్ యూనికోడ్ సంకేతాలను ఒక్కొక్కటిగా ఇస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ లాగా కీకి ఒక సంకేతం వచ్చే తెలుగు కీబోర్డు దీంతో నడుస్తుంది. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు పదంగా మార్చే పద్ధతి అయితే కథ వేరు: పదం తేలేదాకా కూర్పులో ఉన్న పాఠాన్ని మీ పెట్టెలో చూపించడానికి 3.4 వెర్షన్‌లో కూడా ఏర్పాటు లేదు. సూచించే పదాల జాబితా ఎక్కడ తెరుచుకోవాలో చెప్పే మార్గమూ లేదు. ఫైలు పేరో, పొర పేరో అప్పుడప్పుడూ టైపు చేయడానికి సర్దుకోవచ్చు, బొమ్మ మీద పాఠం రాసే పనిముట్టుకి కుదరదు.

ఎస్‌డీఎల్‌లో రెండు ఈవెంట్లున్నాయి: కూర్పులో ఉన్న పాఠానికి ఒకటి, ఖరారైన పాఠానికి ఒకటి. టైపు చేస్తున్న చోటు చెబితే జాబితా అక్కడే తెరుచుకుంటుంది. ఎస్‌డీఎల్ 2లో ఖరారు పాఠం ఉండే గది 32 బైట్లు. చివరి బైటు ముగింపు గుర్తుకు పోతే తెలుగులో 10 సంకేతాలకు మించి పట్టవు. ఒక ఈవెంట్ అంటే ఒక పదం అనుకోకుండా, వచ్చినదాన్ని వచ్చినట్టు వెనక చేర్చుకుంటూ పోవాలి. ఎస్‌డీఎల్ 3లో ఆ గది పోయి పాయింటర్ వచ్చింది. ఇంకో మార్పు: ఎస్‌డీఎల్ 2 డెస్క్‌టాప్‌లో టెక్స్ట్ ఈవెంట్లు మొదటి నుంచే వచ్చేవి, ఎస్‌డీఎల్ 3లో స్టార్ట్-టెక్స్ట్-ఇన్‌పుట్ పిలిస్తేనే వస్తాయి. పాత కోడ్ మార్చాక పెట్టెలో ఏమీ పడట్లేదంటే ముందు చూడాల్సింది అదే.

సంకేతాలు అందుకోవడంతో పని అయిపోదు. "క్షా" చూపుకి ఒక్కటే అక్షరం, యూనికోడ్‌లో క, పొల్లు, ష, దీర్ఘం కలిపి నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. బాణం కీ నొక్కితే కర్సర్ ఈ నాలుగూ ఒక్క అడుగులో దాటాలి. బ్యాక్‌స్పేస్ మాత్రం చివరి సంకేతం ఒక్కటే తీయడం వాడేవాళ్లకు అలవాటు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాల నుంచే తెలుగు సంయుక్తాక్షరం ఒకే గుంపుగా లెక్కలోకి వచ్చింది. అంతకు ముందటి లైబ్రరీ వాడితే కర్సర్ పొల్లు తర్వాత ఇరుక్కుంటుంది. గుంపులు విడదీయడానికి ఐసీయూ, ఆకారాలు కూర్చడానికి హార్ఫ్‌బజ్ తోడు తెచ్చుకోవాలి.

ఇదంతా చదివి నీరసం వస్తే, అందుకే క్యూటీ ఉంది. అందులోని లైన్-ఎడిట్ పెట్టె ఈ పనంతా చేసేస్తుంది. ఓపెన్‌జీఎల్ విడ్జెట్ మీద మీరే పాఠం గీస్తే మాత్రం ఇన్‌పుట్ మెథడ్ గుణాన్ని ఆన్ చేసి, ఇన్‌పుట్-మెథడ్-ఈవెంట్, ఇన్‌పుట్-మెథడ్-క్వెరీ రెండూ రాయాలి. రెండోది మరిచిపోతే జాబితా తప్పు చోట వస్తుంది.

మౌస్: చిన్న లెక్కలు, పెద్ద తప్పులు

మ్యాక్ రెటీనా తెర మీద విండో 800 వెడల్పు అంటే ఫ్రేంబఫర్ (బొమ్మ గీసే మెమరీ) 1600 పిక్సెళ్లు. మౌస్ విలువ విండో లెక్కలో వస్తుంది, పిక్సెల్ చదివేది ఫ్రేంబఫర్ లెక్కలో. మార్చకుండా వాడితే ఏ మూల క్లిక్ చేసినా ఎంపిక బొమ్మలో నాలుగో వంతులోనే తిరుగుతుంది. మౌస్ విలువను ఫ్రేంబఫర్ వెడల్పుతో గుణించి విండో వెడల్పుతో భాగించండి. నిలువుకి ఇంకో అడుగు ఉంది: మౌస్ పైనుంచి లెక్కపెడుతుంది, ఓపెన్‌జీఎల్ కింది నుంచి. కాబట్టి ఎత్తులోంచి ఒకటి, ఆ విలువ తీసేయాలి. అంకె 2 అని కోడ్‌లో రాసేయకండి. విండోని ఇంకో తెర మీదికి లాగితే అది మారుతుంది.

కెమెరా తిప్పడానికి ప్రతి ఫ్రేములో కర్సర్‌ని విండో మధ్యకి లాక్కొచ్చే పాత చిట్కా వేలాండ్‌లో నమ్మదగినది కాదు. ఫ్రీగ్లట్‌లో అదొక్కటే దారి. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూలో కర్సర్-డిసేబుల్డ్ స్థితి, ఎస్‌డీఎల్‌లో రిలేటివ్ మౌస్ స్థితి ఇందుకోసమే ఉన్నాయి, జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ 3.3 నుంచి సిస్టం త్వరణం కలపని ముడి కదలిక కూడా అడగొచ్చు.

చక్రం విలువ పూర్ణాంకం అనుకోవద్దు. ట్రాక్‌ప్యాడ్ పావు, పదో వంతు చొప్పున పంపుతుంది. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ, ఎస్‌డీఎల్ 3 దశాంశాలే ఇస్తాయి. క్యూటీ ఒక గంటుకి 120 అని ఇస్తుంది, అంటే డిగ్రీలో ఎనిమిదో వంతు లెక్కన 15 డిగ్రీలు. ఫ్రీగ్లట్ దిక్కు మాత్రమే చెబుతుంది.

పెన్ను, వేలు, గేమ్‌ప్యాడ్

చిత్రకారుల కోసం రాస్తుంటే క్యూటీ టాబ్లెట్ ఈవెంట్, ఎస్‌డీఎల్ 3 పెన్ ఈవెంట్ రెండూ ఒత్తిడిని 0 నుంచి 1 మధ్య ఇస్తాయి, వంపు కూడా చెబుతాయి. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూలో పెన్ను మౌస్‌లా కనిపిస్తుంది, ఒత్తిడి దారిలోనే పోతుంది. క్యూటీలో టాబ్లెట్ ఈవెంట్‌ని స్వీకరించినట్టు చెప్పకపోతే అదే కదలిక మౌస్ ఈవెంట్‌గా మళ్లీ వస్తుంది, గీత మీద గీత పడుతుంది.

ఎస్‌డీఎల్‌లో వేలితోనూ ఇదే జరుగుతుంది: తాకిన ఈవెంట్‌కి తోడు నకిలీ మౌస్ ఈవెంట్ కూడా వస్తుంది. దానిమీద టచ్-మౌస్ గుర్తు ఉంటుంది, వదిలేయండి. లేదా సంబంధిత హింట్‌ని 0 చేయండి. వేలి చోటు 0–1 మధ్య వస్తుంది, విండో కొలతతో గుణించాలి. ఫోన్లు కూడా లక్ష్యమైతే జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ ఎలాగూ రాదు. ఆండ్రాయిడ్, ఐఓఎస్ దానికి లేవు.

గేమ్‌ప్యాడ్‌కి ఎస్‌డీఎల్‌ని మించింది లేదు. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ కూడా అదే తరహా బటన్ పట్టికను వాడుతుందిగానీ కంపన సౌకర్యం లేదు. ఇక్కడొక మెలిక: జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూలో ట్రిగ్గర్ వదిలేసి ఉన్నప్పుడు విలువ -1, ఎస్‌డీఎల్‌లో 0. ఒకదాని కోడ్ ఇంకోదానికి అతికిస్తే బండి వెనక్కి పరిగెడుతుంది. స్టిక్ మధ్యలో కచ్చితంగా సున్నా దగ్గర ఆగదు; విండోస్ ఎక్స్ఇన్‌పుట్ ఎడమ స్టిక్‌కి 32767లో 7849ని, కుడిదానికి 8689ని మృత పరిధిగా (కదలికగా లెక్కచేయని మేరగా) సూచిస్తుంది. అవి మొదలుపెట్టడానికి మంచి అంకెలు. క్యూటీ 6లో గేమ్‌ప్యాడ్ మాడ్యూలే లేదు.

ఇక ఎంపిక

విద్యార్థి పాఠాలకి, షేడర్ ప్రయోగాలకి, కొద్దిపాటి కీలూ మౌసూతో సరిపోయే డెస్క్‌టాప్ త్రీడీ వ్యూయర్‌కి జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ. చిన్నది, తేలిక, దారికి అడ్డురాదు. ఆటలకి, ఫోన్లకి, తెరను తాకే పనులకి ఎస్‌డీఎల్. కొత్తగా మొదలుపెడితే నేరుగా ఎస్‌డీఎల్ 3. మెనూలు, పెట్టెలు, పాఠం, పెన్ను అన్నీ ఉన్న ఎడిటర్‌కి క్యూటీ, అది పెద్దదైనా సరే. లైసెన్సు చూసుకోండి: జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ, ఎస్‌డీఎల్ 2, 3 జెడ్‌లిబ్ లైసెన్సుతో వస్తాయి, ఏ షరతూ పెద్దగా లేదు. క్యూటీ ఎల్‌జీపీఎల్ కింద గానీ డబ్బు చెల్లించి గానీ దొరుకుతుంది. మూసిన సోర్సుతో స్టాటిక్‌గా కలపాలంటే ముందే ఆ షరతులు చదవండి.

ఏది తీసుకున్నా దాని పేర్లు మీ ప్రోగ్రాం అంతటా పాకనివ్వకండి. లైబ్రరీ ఈవెంట్‌ని ఒకే ఫైల్లో మీ సొంత ఆదేశంగా మార్చండి: "బిందువు ఇది, ఒత్తిడి ఇంత", "వెనక్కి తీయి", "ఈ పాఠం చేర్చు". ఒత్తిడి లేని పరికరానికి 1 అని నింపండి. రేపు జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ నుంచి ఎస్‌డీఎల్‌కి మారాల్సి వస్తే ఆ ఒక్క ఫైలే తిరగరాస్తారు. ఈ ఆదేశాలను ఫ్రేము నంబరుతో ఫైల్లోకి దించుకుంటే ఇంకో లాభం ఉంది: వాడేవారు చెప్పిన తప్పుని మీ మెషీన్‌లో మళ్లీ ఆడించి చూడొచ్చు. అందుకు బిందువుల్ని పిక్సెళ్లలో కాకుండా బొమ్మ కొలతల్లో దాచాలి. వాళ్ల తెరా మీ తెరా ఒకే సైజు కాకపోవచ్చు.

డియర్ ఇమ్‌జీయూఐ లాంటి లైబ్రరీతో బటన్లు, స్లైడర్లున్న ప్యానెళ్లు పైన పెడితే ఆ ఫైల్లోనే ఇంకో తనిఖీ చేర్చండి. ప్యానెల్ మౌస్ తనకు కావాలంటున్నప్పుడు మీ కెమెరాకి ఆదేశం వెళ్లకూడదు, లేకపోతే స్లైడర్ జరిపితే దృశ్యం కూడా తిరుగుతుంది. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూతో వాడేటప్పుడు మీ కాల్‌బ్యాక్‌లు ముందు, దాని ప్రారంభం తర్వాత ఉండాలి. అది మీవాటిని గుర్తుపెట్టుకుని వరసగా పిలుస్తుంది. తిరగేసి పెడితే మీవి దానివాటిని చెరిపేస్తాయి, ప్యానెల్ కనిపిస్తుందిగానీ క్లిక్‌కి పలకదు.